ఎనిమిదో గీత

“ఐదింటికి పోలీసు జీపు వస్తుంది. అమ్మాయిని అప్పజెప్పేసి నేను హైదరాబాదు వెళ్లిపోతాను. ఈలోగా మీ డిటెక్టివ్ పని ఏదో మీరు చేసుకోండి మేడమ్. చాయ్ కావాలంటే చెప్పండి, ‘గిట్ల’ తెప్పిస్తా,” అన్నాడు ప్రభాకర్.

ఆ ‘గిట్ల’ను నొక్కి పలికి, పక్కనున్న గుమాస్తా నవ్వుతాడేమోనని చూశాడు. గుమాస్తాది మరిపెడ, అతని ఇంటి మాటా అదే. నవ్వలేదు.

ప్రభాకర్ ఈ రేడియో టెలిస్కోపు కేంద్రానికి హెడ్డాఫీసు నుంచి వచ్చిన విజిలెన్స్ ఆఫీసరు. తెలివైనవాడే. కాకపోతే తన తెలివి మీద తనకే మోజు ఎక్కువ. నాకు ఇలాంటి ఎగతాళి కొత్త కాదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఇదే యాసతో నినాదాలిచ్చి, కాలేజీ చదువు పోగొట్టుకుని, జైలు చూసొచ్చినదాన్ని. పద్దెనిమిదేళ్ల తర్వాత ఒక ఆఫీసరు వెక్కిరింతకు ఉడుక్కుంటానా? నిజం చెప్పాలంటే కొంచెం ఉడుక్కున్నాను. అది పనికి మంచిదే, కోపం వచ్చినప్పుడే నా కళ్లు బాగా పనిచేస్తాయి.

“చాయ్ పని అయినంక తాగుదాం సార్. ముందుగాల ఆ పిల్లతోని మాట్లాడాలె,” అన్నాను.

కేసు చూడడానికి చాలా సులువు. జనగామ నుంచి దేవరుప్పుల పోయే దారిలో గుట్ట మీద ఉంది ఈ కేంద్రం. ఆదివారం పొద్దున, పెద్ద డిష్షు కింద మోటరు గదిలో, శాస్త్రవేత్త యాదగిరి తల పగిలి పడి ఉన్నాడు. పక్కనే ఇనుప రాడ్డు. మనిషి వరంగల్ దవాఖానలో ఉన్నాడు, మంగళవారం వచ్చినా ఇంకా స్పృహ లేదు. ఆదివారం పొద్దున టీవీలో సీరియల్ వేళకు స్టాఫంతా గుట్ట దిగి, ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందర కూర్చుంటారు. కాబట్టి ఆ గంటన్నరలో గుట్ట మీద ఉన్నది ముగ్గురే. దెబ్బ తిన్న యాదగిరి, ఆయన దగ్గర పరిశోధన చేసే పుష్ప, డైరెక్టర్ డాక్టర్ లక్ష్మీకాంత్. డైరెక్టరుకు సాక్ష్యం ఉంది, పుష్పకు లేదు. పైగా పుష్ప తాళాల గుత్తి మోటరు గదిలో దొరికింది. శనివారం సాయంత్రం ఆమె యాదగిరితో గొంతు చించుకుని కొట్లాడడం అందరూ విన్నారు.

నన్ను పిలిపించింది పుష్ప తల్లి సారమ్మ. డోర్నకల్ మనిషి. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు. కూతుర్ని ఎమ్మెస్సీ దాకా చదివించడానికి ఆమె ఎన్ని కూలి పనులు చేసిందో ఆమె చేతులు చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఆ కూతురు సాయంత్రానికల్లా హత్యాప్రయత్నం కేసులో జైలుకు పోతుంది. నేను ఆపకపోతే.

గెస్టు రూము తలుపు తెరిచి నన్ను లోపలికి పంపి, బయట గొళ్లెం పెట్టారు. పుష్ప మంచం అంచున నిటారుగా కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి, ఇక ఏడవకూడదని నిశ్చయించుకున్న ముఖం.

“నా పేరు సుమిత్ర. మీ అమ్మ పంపింది. సూటిగా అడుగుత, సూటిగా చెప్పు. నువ్వు కొట్టినవా?”

“లేదక్కా.”

“ఆదివారం పొద్దున యాడున్నవు?”

“ట్యాంకు వెనుక కూసున్న. శనివారం కొట్లాట మనసుల నుంచి పోలే. ఎవ్వరి మొఖం చూడబుద్ధి కాలే.”

“ఎందుకు కొట్లాడినవు?”

పుష్ప తల దించుకుంది. “చెప్పలేను.”

“చెప్పలేవా, చెప్పవా?”

“బైబిల్ మీద చెయ్యి పెట్టించిండక్కా యాదగిరి సార్. ఒక మాట మాట్లాడేది ఉంది, అది అయ్యేదాక ఎవ్వరికీ చెప్పకు అన్నడు. ఆ మాట అయిందో కాలేదో నాకు ఎర్కలేదు. సార్ కండ్లు తెరిచి, ఇగ చెప్పు పుష్పా అంటే చెప్త.”

“ఐదింటికి పోలీసులొస్తరు బిడ్డా. నీ ఒట్టును వాళ్లు జామీను కింద తీస్కోరు.”

“ఎర్కే.”

నాకు ఒళ్లు మండింది. అదే సమయంలో ఈ పిల్ల నాకు తెగ నచ్చింది. అబద్ధం చెప్పేవాళ్లు ఇంత అసౌకర్యమైన నిజాన్ని కల్పించుకోరు. ముందు తలుపు మూసి ఉంటే పక్క తలుపు తట్టాలి.

“సరే, ఒట్టు లోపల లేనిదే చెప్పు. మీరిక్కడ చేసే పనేంది? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు.”

పని మాట ఎత్తేసరికి ఆ పిల్ల గొంతులో ప్రాణం వచ్చింది. “చుక్కల నడుమ ధూళి మబ్బులుంటయి అక్కా. అండ్ల అణువులుంటయి. ఒక్కో అణువు ఒక్కో నంబరు కాడ పలుకుతది, రేడియోల స్టేషన్ల తీరుగ. మా డిష్షు వింటది, కంప్యూటరు కాయిదం మీద గీస్తది. ఏ నంబరు కాడ గీత పైకి లేస్తే, ఆ నంబరు అణువు ఆ మబ్బుల ఉన్నట్టు.”

“ఆ నంబరు ఎవరిదో ఎట్ల తెలుస్తది?”

“పట్టిక ఉంటది. లోకంల ఇప్పటిదాక కొలిచిన అణువుల గీతలన్నీ అండ్లుంటయి. మా ప్రోగ్రాము ప్రతి గీత నంబరును ఆ పట్టికల ఎతుకుతది. దొరికితే పేరు అచ్చేస్తది. దొరక్కపోతే ‘గుర్తు తెలియనిది’ అని అచ్చేస్తది. గుర్తు తెలియనిది అంటే ఒక్కోపాలి కొత్త అణువు దొరికినట్టు.”

“ఆ పట్టిక యాడుంటది?”

“రెండు తావుల. అసలుది హైదరాబాదు పట్నంల పెద్ద కంప్యూటర్ల ఉంటది. కొత్తవి తెలిసినకొద్ది దాంట్ల కలుపుతుంటరు. ఇక్కడికెల్లి ఫోను లైను కలిపి అడగాలె. దాన్ని ఆన్‌లైన్ అంటం. కని లైను మాటిమాటికి పోతది. అందుకని దాని నకలు ఇక్కడ డిస్కు మీద పెట్టుకున్నం. అది ఆఫ్‌లైన్.”

“రెండూ ఒక్కటేనన్నట్టు.”

పుష్ప మొదటిసారి నవ్వింది. “జర ఫరకుంది. మా నకలుల మేం సొంతంగ కొన్ని కలుపుకున్నం. గుట్ట కింద బాయి మోటరు, పిండి గిర్ని, వీటి గోల గూడ డిష్షుకు వినవడతది. కంప్యూటరు ప్రతిసారి గుర్తు తెలియనిది అంటది, మేం పరేషాన్ అయితం. అందుకని ఆ నంబర్లు మా డిస్కుల రాసి, ఇవి కనవడితే అచ్చెయ్యకు, ఇడిచిపెట్టు అని గుర్తు పెట్టినం. ఒక్కోదానికి ఒక్కో పేరు. బాయి మోటరు పేరు సాంబయ్య. గిర్ని పేరు లచ్చమ్మ. ఇంకోటి సర్పంచ్.”

“సర్పంచ్ ఏం గోల చేస్తడు?”

“పంచాయతీ టీవీ అక్కా! పట్నం స్టేషను దూరం కద, బొమ్మ సక్కగ రాదు. జనవరి ఆఖర్ల సర్పంచ్ ఒక బూస్టరు తెచ్చి అంటెనాకు బిగించిండు. అది టీవీకి ఎంత పనికొస్తదో కని, టీవీ నడిచినంతసేపు మా దిక్కు ఒక గీత ఊదుతది.”

“ఆయనను ఎప్పుడు కలిపిన్రు డిస్కుల?”

“మొన్న బుధవారం. సార్, నేను…” అని ఆగిపోయింది. నవ్వు పోయింది. పెదవులు బిగుసుకున్నాయి. “ఇగ అడగకక్కా.”

అడగలేదు. ఒట్టుకు గోడ ఎక్కడుందో తెలిసింది. సర్పంచ్ దగ్గర. అంతవరకు చాలు.

డైరెక్టర్ లక్ష్మీకాంత్ నన్ను లేచి నిలబడి పలకరించాడు. దేవరుప్పుల దగ్గర పెద్ద భూములున్న ఇల్లు, విదేశీ చదువు, మెత్తని మాట. సారమ్మ అన్నం తిన్నదా అని ముందు అడిగి, తన ఇంటి నుంచి ప్లేటు పంపించమని నౌకరుకు చెప్పాడు. పుష్పకు ఈ ఉద్యోగం ఇచ్చింది కూడా ఆయనేనట. ఇలాంటి మనిషిని అనుమానించడం కష్టం. అందుకే నేను ముందుగా ఇలాంటివాళ్లనే అనుమానిస్తాను.

ఆయన వెనుక గోడ మీద పత్రిక ముక్క ఒకటి అద్దం బిగించి ఉంది. మార్చి నెలది. తారల మధ్య మేఘంలో కొత్త అణువును కనుగొన్న తెలుగు శాస్త్రవేత్త అని పెద్ద అక్షరాలు. కింద ఆయన ఫోటో, దాని పక్కన ఒక గ్రాఫు, గ్రాఫులో పొడుగ్గా లేచిన ఒక గీత, గీత మీద నంబరు. ఆ నంబరును చూస్తూ చూస్తూ బట్టీ పట్టాను.

“ఆదివారం పొద్దున మీరెక్కడున్నారు సార్?”

“కంప్యూటరు గదిలో. ఆదివారం పొద్దున నాకు బంగారం లాంటి సమయం. అందరూ ఆ టీవీ ముందుకు పోతారు, గుట్ట ప్రశాంతంగా ఉంటుంది. మూడు నెలలుగా నా పరిశీలన అంతా ఆ వేళలోనే. ఈ అణువు దొరికింది కూడా ఆదివారమే.”

“మీరు టీవీ చూడరా?”

“పంచాయతీ ఆఫీసు ముందు చాప మీద కూర్చునా?” అని నవ్వాడు. మృదువుగానే నవ్వాడు గానీ, ఆ చాప ఆయనకు ఎంత కిందగా ఉందో నాకు కనబడింది.

“మొన్న ఆదివారం పట్టిక ఏది చూసిన్రు? ఆన్‌లైనా, ఇక్కడి నకలా?”

“ఆన్‌లైనే. కొత్త అణువు కనుక్కున్నానని చెప్పేవాడు పాత నకలు చూస్తే లోకం నవ్వుతుందమ్మా. తొమ్మిదిన్నరకు లైను కలిపాను, పది ముప్పావు దాకా కుర్చీలోంచి లేవలేదు. లేవడానికి వీలుండదు. ప్రతి గీతకూ పట్నం కంప్యూటరు ప్రశ్న అడుగుతుంది, మనం జవాబు కొట్టాలి. వచ్చిన కాగితం ప్రభాకర్ గారికి ఇచ్చేశాను.”

“ఇచ్చేముందు చూసుకున్నారా?”

“ఆ గొడవలో ఎక్కడ చూస్తాం? అక్కడ యాదగిరి రక్తంలో పడి ఉంటే…” అని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మోటరు గది రేకుల కప్పు గది. ఏప్రిల్ ఎండకు పొయ్యిలా ఉంది. నేల మీద మరక నల్లగా అట్టకట్టింది. ప్రభాకర్ తలుపు దగ్గరే నిలబడి చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆదివారం మధ్యాహ్నం హైదరాబాదు నుంచి రాగానే తీయించిన ఫోటోలు అడిగితే ఇచ్చాడు. ఒకదాంట్లో తాళాల గుత్తి మరక నడిమధ్యలో ఉంది.

“గుత్తి చూపిస్తారా?”

కవరులోంచి తీసి చూపాడు. ఆరు తాళాలు, ఒక ఇత్తడి సిలువ. ఎక్కడా చుక్క మరక లేదు.

“కడిగిన్రా?”

“ఆధారాలు కడగడానికి నేనేమైనా వంటవాణ్ణా?”

“మరి నెత్తుట్ల పడ్డ గుత్తికి నెత్తురు అంటలేదెందుకు సార్?”

“పెనుగులాటలో ఆమె నడుం నుంచి జారి…”

“అప్పుడు జారితే తడి నెత్తుట్ల పడాలె. ఇది నెత్తురు ఎండినంక పడ్డది. ఈ వేడికి ఎండనీకె అరగంట చాలు. కొట్టినోడు మల్లొచ్చి పెట్టి పోయిండు. పుష్ప గుత్తి ఎప్పుడూ కంప్యూటరు గది గోడ మొలకే ఏలాడుతుంటదని మీ గుమాస్తానే చెప్పిండు. మోటరు గదిల కొట్టి, కంప్యూటరు గదికి పోయి, గుత్తి తీస్కొని మల్లొచ్చిండు. నేరం చేసిన పిల్ల తన గుత్తి తనే తెచ్చి పెట్టుకుంటదా?”

ప్రభాకర్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఊహ బాగుంది. కానీ గుట్ట మీద మూడో మనిషి ఒక్కరే. ఆయన గంటంబావు ఆన్‌లైన్లో ఉన్నారు. నేను వట్టినే నమ్మలేదు మేడమ్, పట్నం కంప్యూటరు సెంటరుకు ఫోన్ చేసి అడిగాను. లైను తొమ్మిదిన్నర నుంచి పది ముప్పావు దాకా కలిసే ఉంది. కాగితం కూడా ఉంది. ఇంకేం కావాలి మీకు?”

“ఆ కాయిదం కావాలె. మీరు ఇంత గట్టిగ నమ్మిన కాయిదం నేనూ చూడాలె కద.”

“అది సాంకేతికమైనది. మీకు…” అని ఆపేశాడు. మీకు అర్థం కాదు అనబోయాడని ఇద్దరికీ తెలుసు. అయినా చూపించకుండా ఉండలేకపోయాడు. తాను గెలిచిన ముక్కను ఎవరైనా చూడకపోతే గెలుపులో రుచి ఏముంది?

కంప్యూటరు గదిలో చల్లటి గాలి. చెప్పులు బయట విడిచి లోపలికి పోయాం. టెక్నీషియన్ సోమ్లా, మానుకోట దగ్గరి తండా మనిషి, ప్రింటరు పక్కన నిలబడ్డాడు. బల్ల మీద ప్రభాకర్ కాగితం పరిచాడు. పైన గ్రాఫు, ఆదివారం తేదీ. కింద అణువుల పేర్లు.

“గీతలెన్ని ఉన్నయి సార్?” అన్నాను.

“ఇదేం ప్రశ్న?”

“లెక్కపెట్టున్రి.”

వేలితో లెక్కపెట్టాడు. “ఎనిమిది.”

“కింద పేర్లు?”

ఈసారి వేలు నెమ్మదిగా కదిలింది. “ఏడు.”

“గుర్తు తెలియనివి?”

“ఏవీ లేవు అని ఉంది.” కనుబొమలు ముడిపడ్డాయి. “ఒకటి చిన్నది వదిలేసి ఉంటుంది.”

“చిన్నదా? పేరు లేనిది అదుగో, ఆ చివరిది. అన్నిటికంటే పొడుగుంది.”

ప్రభాకర్ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. నేను సోమ్లా వైపు తిరిగాను. “అన్నా, ఆదివారం డిష్షు విన్నది డిస్కు మీద ఉందా? దాన్నే మల్ల రెండు తీర్ల నడిపించు. ఒకపాలి ఇక్కడి నకలుతోని, ఒకపాలి పట్నం లైనుతోని.”

“ఉందక్కా. ముందు ఆఫ్‌లైన్ పెడుత,” అన్నాడు సోమ్లా. నాలుగు అక్షరాలు కొట్టి లేచి నిలబడ్డాడు. “అయిపోయింది. ఇగ అదే చేసుకుంటది, బయట నిలవడొచ్చు.”

“మనిషి అక్కర్లేదా?” అన్నాడు ప్రభాకర్.

“అక్కర్లేదు సార్. నకలు మనింట్లదే కద, అడిగేటోళ్లెవరు?”

ముగ్గురం వరండాలోకి వచ్చాం. చాయ్ వచ్చింది. ప్రభాకర్ చాయ్ తాగలేదు, గ్లాసు పట్టుకుని మోటరు గది వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇక్కడి నుంచి అక్కడికి నడిచి పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆయన మనసులో కొలుస్తున్నాడని నాకు అర్థమైంది. బుర్ర పనిచేస్తున్న మనిషిని చూస్తే నాకు కోపం సగం తగ్గిపోతుంది.

లోపలికి పోయేసరికి ప్రింటరు ఆగిపోయి ఉంది. గీతలు ఎనిమిది. పేర్లు ఏడు. గుర్తు తెలియనివి లేవు.

ఇప్పుడు సోమ్లా ఫోన్ తిప్పాడు. రెండుసార్లు తెగింది, మూడోసారి ఈల వేసినట్టు కూత వినబడింది. లైను కలిసింది. మొదటి గీతకు తెర మీద ప్రశ్న వచ్చింది, సోమ్లా జవాబు కొట్టాడు. రెండో గీతకు మళ్లీ ప్రశ్న. ఒకసారి కావాలనే జవాబు ఇవ్వొద్దన్నాను. ప్రింటరు కదలకుండా ఊరుకుంది. జవాబు కొట్టాకే ముందుకు పోయింది. ఎనిమిదో గీత దగ్గర ప్రింటరు కరకరమని ఒక వరుస ఎక్కువ కొట్టింది. ‘గుర్తు తెలియనిది - ఒకటి’.

మూడు కాగితాలు పక్కపక్కన పెట్టాను. ఆదివారం డైరెక్టరుగారు ఇచ్చిన కాగితం, ఆఫ్‌లైన్ కాగితానికి కవల. ఆన్‌లైన్ దానికి ఏమీ కాదు.

“ఇక్కడోళ్లు తమ నకలుల కొన్ని గోలల నంబర్లు రాసి, ఇడిచిపెట్టమని గుర్తు పెట్టుకున్నరు. ఎనిమిదో గీత అందుల ఉంది. అందుకే నకలు దాన్ని సప్పుడు చెయ్యకుంట మింగింది. పట్నం పట్టికకు ఆ సంగతి తెల్వదు, అందుకే అరిచింది. ఆదివారం కాయిదం ఆన్‌లైన్ది కాదు సార్. ఆయన లైను కలిపి ఫోను పక్కన పెట్టి, నకలును నడిపించి, మోటరు గదికి పోయిండు.”

ప్రభాకర్ గొంతు సవరించుకున్నాడు. “లైను బాగాలేక నకలు వాడి ఉండొచ్చు. పొరపాటున ఆన్‌లైన్ అని చెప్పి ఉండొచ్చు. పెద్దవారు.”

“అట్లనే అనుకుందాం. ఆ ఎనిమిదో గీత నంబరు సదవున్రి.”

చదివాడు. నేను ఆయన చెయ్యి పట్టుకోకపోయినా, దాదాపు పట్టుకుని లాక్కుపోయినట్టే డైరెక్టరు గదికి తీసుకుపోయాను. గది ఖాళీగా ఉంది. గోడ మీద పత్రిక ముక్క చూపించాను. గ్రాఫు మీద నంబరు. అదే. ఒక్క అంకె తేడా లేదు.

“ఇదే ఆయన కొత్త అణువు. దీని పేరు మీద పేపర్ల ఫోటో పడ్డది. ఆదివారం నాడు అదే గీత అంత పొడుగు లేచి నిలవడితే, కాయిదం కింద దాని ఊసే లేదు. పెండ్లి పందిట్ల పిల్లగాడు లేకుంటే పిల్ల తండ్రి చూసుకోడా? చూసుకోలే. ఎందుకంటే కాయిదం అచ్చయ్యేటప్పుడు ఆయన ఆ గదిల లేడు. వచ్చినంక చింపి మీ చేతుల పెట్టిండు, అంతే.”

“మరి ఈ గీత నకలులో ఎందుకుంది? ఎవరి గోల అది?”

“సర్పంచ్‌ది,” అన్నాను. “పంచాయతీ టీవీ బూస్టరుది. ఆదివారం పొద్దున ఊరంతా టీవీ ముందర కూసుంటది. ఆ చాప మీద కూసోనీకె మనసొప్పని డైరెక్టరుగారు సరిగ్గ అదే యాళ్లకు డిష్షు పట్టుకుంటడు. మూడు నెలల సంది ఆకాశం అనుకొని ఆయన విన్నది పంచాయతీ టీవీనే. యాదగిరి, పుష్ప కనిపెట్టిన్రు. పుష్ప అందరి ముందర చెప్పాలన్నది, యాదగిరి వద్దన్నడు. పెద్దమనిషి ఇజ్జత్ పోవద్దు, ముందుగాల ఒక్కణ్ణే పోయి చెప్త అన్నడు. శనివారం కొట్లాట అదే అయ్యుంటది. ఆదివారం పోయి చెప్పిండు.”

ప్రభాకర్ రెండు నంబర్లనూ మరోసారి పోల్చి చూసుకున్నాడు. తర్వాత తనే ఫోన్ అందుకుని పట్నం సెంటరుకు తిప్పాడు. ఆదివారం లైను ఎంతసేపు ఉందని అడగలేదు ఈసారి. ఆ లైను మీద ఎన్ని ప్రశ్నలు అడిగారని అడిగాడు. విన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

“లైను కలిసి ఉందట. ఒక్క గీత గురించి కూడా అడగలేదట.” గొంతులో వెక్కిరింత ఎక్కడా లేదు. “నేను మొన్ననే అడిగి ఉండాల్సింది. తప్పు నాది సుమిత్రగారూ.”

నాకు ఎంత సంతోషం కలిగిందో దాచుకోను. మేడమ్ పోయి సుమిత్రగారు వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఇప్పుడు ఆ చాయ్ తాగుతాను సార్ అనబోయాను. టైము నాలుగున్నరే అయింది. పోలీసులు వచ్చేసరికి ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాయడమే మిగిలింది.

“పుష్పను ఇడిచిపెట్టున్రి. డైరెక్టరుగారిని పిలిపించున్రి,” అన్నాను.

ప్రభాకర్ కదలలేదు.

“ఆయన లేరు,” అన్నాడు. “పుష్పా లేదు.”

“అంటే?”

“మనం మోటరు గదికి బయల్దేరే ముందు డైరెక్టరుగారు నా దగ్గరకు వచ్చారు. ఆడపిల్లను పోలీసు జీపులో తీసుకుపోతే ఊరంతా చూస్తుంది, తల్లి తట్టుకోలేదు, నా జీపులో నేనే తీసుకుపోయి వరంగల్లో అప్పజెప్తాను అన్నారు. ఎంత మంచివారు అనుకున్నాను. కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను.”

గంట దాటింది. నేను నెత్తురు మరక దగ్గర కూర్చుని ప్రభాకర్‌కు పాఠాలు చెబుతున్నప్పుడు, గుట్ట దిగిపోయింది జీపు. నా తెలివి మీద నాకున్న మోజు కూడా తక్కువదేం కాదని అప్పుడు తెలిసింది. నిజం తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు మాట్లాడలేని స్థితిలో దవాఖానలో ఉన్నారు. రెండో మనిషి ఆ జీపులో ఉంది.

పరుగెత్తాం. వరండాలో సోమ్లా ఎదురొచ్చాడు.

“సార్, ఒక మాట. పెద్దసారు వరంగల్ పోతున్నననే అన్నడు కద? మరి భూపాలపల్లి షెడ్డు తాళం ఎందుకు తీస్కపోయిండు? గోడ మొలకు లేదు.”

“ఏం షెడ్డు?” అన్నాను.

“ఎన్కట చిన్న అంటెనా ఉండె అక్కా, భూపాలపల్లి దాటినంక అడివిల. రెండేండ్ల సంది మూసిపెట్టినం. మనిషి పోడు ఆడికి.”

వరంగల్ దాకా రెండు దార్లూ ఒకటే. అక్కడిదాకా ఎవరూ ఆ జీపును చూసి తప్పు పట్టరు. ప్రభాకర్ అప్పటికే తన జీపు వైపు అరుస్తూ పోతున్నాడు. డ్రైవరు చెప్పులు లేకుండానే ఉరికి వచ్చాడు. వరంగల్‌కు ఫోన్ చెయ్యి, ఆ జీపు నంబరు చెప్పు అని సోమ్లాను లోపలికి తోసి, నేను మెట్లు దిగాను.

మెట్ల కింద సారమ్మ కూర్చుని ఉంది. డైరెక్టరుగారు పంపిన ప్లేటును శుభ్రంగా కడిగి, కొంగుతో తుడుస్తోంది. పొద్దున చూసినప్పటికంటే ముఖం తేటగా ఉంది.

“ఏడికి ఉరుకుతున్నవమ్మా సుమిత్రమ్మా? జర కూసో. పెద్దసారు బిడ్డను తన జీపుల ముందట కూసోవెట్టుకొని తీస్కపోయిండు. నేను అప్పజెప్పేటోణ్ణి కాదు, వదిలిపిచ్చేటోణ్ణి అన్నడు.”

“పుష్ప ఏమన్నది?”

“ఎక్కనని ఒకటే ఏడుపు. ఎందుకే అంటే చెప్పది, నా చెయ్యి ఇడువది. నేనే తిట్టిన. వేళ్లు ఊడదీసి ఎక్కించిన,” అని సారమ్మ నవ్వింది. “దేవుడసొంటి మనిషి. ఆయన తోడుంటే నా బిడ్డకేం భయం?”